విశ్వవిస్తరణ వేగము: రెండు లెక్కల వ్యత్యాసము

(సంఘ గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకే ఖజానాకు ఇద్దరు సమర్థులైన గుమాస్తాలు వేరువేరుగా లెక్క వ్రాసి, పలుమారులు సరిచూచి, రెండు వేరు మొత్తములు తెచ్చినచో, వానిని కూడి సగము చేసి సంతకము పెట్టు అధికారి ఉండడు. తేడా ఎచ్చట వచ్చినదో తేలువరకు ఆ కాగితము కదలదు. నేడు విశ్వశాస్త్రజ్ఞుల యెదుట నున్న ఒక పెద్ద సమస్య ఇట్టిదే.

విశ్వము విస్తరించుచున్నదని 1927లో బెల్జియం దేశీయుడు లెమేత్ర్ సూచించెను. నక్షత్రమండలములు ఎంత దూరమున నున్నవో అంత వేగముగా తొలగిపోవుచున్నవని 1929లో అమెరికాలో హబుల్ ప్రకటించెను. ఈ వేగమునకును దూరమునకును గల నిష్పత్తికే హబుల్ స్థిరాంకమని పేరు. అది 70 అన్నచో, 32.6 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్న మండలము సెకనుకు 70 కిలోమీటర్ల వేగమున తొలగుచున్నదని అర్థము. విశ్వము వయస్సు గణించుటకు ఈ సంఖ్య ముఖ్యాధారము.

దీనిని కనుగొనుటకు మార్గములు రెండు. మొదటిది దూరములను మెట్టు మెట్టుగా కొలుచుట. సీఫీడ్ నక్షత్రములు క్రమముగా వెలిగి మసకబారుచుండును. ఆ ఆవృత్తి కాలము ఎంత దీర్ఘమైనదో నక్షత్రము అంత ప్రకాశవంతమైనదని హెన్రియెట్టా లీవిట్ 1912లో నిరూపించెను. అసలు ప్రకాశము తెలిసినచో, కంటికి కనిపించు వెలుగును బట్టి దూరము తేలును. సీఫీడ్‌ల సాయమున సూపర్‌నోవాల దూరమును, వాని సాయమున మరింత దూరమును కొలుతురు. ఆడమ్ రీస్ బృందము ఈ విధముగా 2022లో ప్రకటించిన విలువ 73.

రెండవది విశ్వము శైశవమును పరిశీలించుట. విశ్వము పుట్టిన 3,80,000 సంవత్సరములకు వెలువడిన కాంతి నేటికిని సూక్ష్మతరంగ రూపమున దశదిశలనుండి వచ్చుచున్నది. ఆనాటి వేడి ద్రవ్యములో ప్రసరించిన శబ్దతరంగముల ముద్రలు అందు నిలిచియున్నవి. ఆ తరంగములు ఎంత దూరము సాగియుండునో సిద్ధాంతము చెప్పును. ఆకాశమున అవి ఎంత కోణములో కనిపించునో ఉపగ్రహము కొలుచును. ఈ రెండింటి నుండి నేటి విస్తరణ వేగమును గణింపవచ్చును. ప్లాంక్ ఉపగ్రహ బృందము 2018లో ప్రకటించిన విలువ 67.4. మొదటి లెక్కలో సుమారు 1, రెండవదానిలో అర మాత్రమే పొరపాటునకు అవకాశము. కావున ఈ అంతరమును కాకతాళీయమని త్రోసివేయుటకు వీలులేదు.

ఇట్టి చిక్కులకు చరిత్రలో రెండు విధములైన పరిష్కారములు కలవు. హబుల్ తొలుత పొందిన విలువ సుమారు 500. దాని ప్రకారము విశ్వము వయస్సు 200 కోట్ల సంవత్సరములే. భూమి అంతకంటె పాతదని శిలలు సాక్ష్యమిచ్చెను. సీఫీడ్‌లు రెండు జాతులని 1952లో బాడే వెల్లడించుటతో దూరములు సుమారు రెట్టింపై, ఆ చిక్కు సడలసాగెను. అచ్చట దోషము కొలతలోనిది. బుధగ్రహ కక్ష్యలో శతాబ్దమునకు 43 సెకనుల కోణము తేడా వచ్చినపుడు, అదృశ్య గ్రహమొకటి యున్నదని లెవెర్యే 1859లో ఊహించెను. అట్టి గ్రహము దొరకలేదు. 1915లో ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమునే మార్చవలసి వచ్చెను. అచ్చట దోషము సిద్ధాంతములోనిది.

నేటి చిక్కు ఏ కోవకు చెందునో ఇంకను తేలలేదు. దట్టమైన నక్షత్రముల గుంపులో సీఫీడ్‌ల వెలుగు ఎక్కువగా కనిపించినదేమో అను అనుమానము వెబ్ దూరదర్శినితో చాలవరకు తొలగినది. కాని వెండీ ఫ్రీడ్‌మన్ బృందము ఇతర జాతుల నక్షత్రములను గూడ ఆధారముగా గొని 70కి దగ్గరి విలువను పొందినది. సిద్ధాంతకర్తలలో కొందరు ఆదికాలమున ఒక అదృశ్య శక్తి కొద్దికాలము విస్తరణను త్వరితము చేసియుండుననియు, మరికొందరు తెలియని తేలిక కణములు ఉండెననియు ప్రతిపాదించుచున్నారు. వీనిలో ఏదియైన నిజమైనచో పరమాణువులు ఏర్పడక ముందటి చరిత్రను తిరిగి వ్రాయవలసి వచ్చును. అయితే ఒకచోట తేడాను సరిచేసినచో మరియొకచోట క్రొత్త తేడా తలయెత్తుచున్నది.

ఈ వివాదమునకు మూడవ సాక్షి కావలెను. 2017 ఆగస్టు 17వ తేదీన రెండు న్యూట్రాన్ నక్షత్రముల కలయిక నుండి గురుత్వ తరంగములు అందెను. ఆ తరంగముల తీరును బట్టియే దూరము తెలియును. సీఫీడ్‌ల మెట్లు అక్కరలేదు. ఆ ఒక్క సంఘటన 70కి సమీపమైన విలువ నిచ్చినను, పొరపాటు అవకాశము పెద్దది. అట్టివి అనేకము కావలెను. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మింప తలపెట్టిన లైగో-ఇండియాకు కేంద్ర మంత్రివర్గము 2023 ఏప్రిల్‌లో ఆమోదము తెలిపినది. నాలుగేసి కిలోమీటర్ల బాహువులు గల ఆ యంత్రము పనిచేయునాడు, తరంగములు ఏ దిక్కునుండి వచ్చినవో మరింత నిశ్చితముగా తేలును. అపుడు ఈ విచారణలో భారతదేశపు సాక్ష్యము కూడ చేరును.

అంతవరకు 67ను 73ను సరాసరి చేసి సంతృప్తి చెందుటకు శాస్త్రజ్ఞులు అంగీకరించుట లేదు. తేడాను దాచక, తొందరపడి తీర్పు చెప్పక, పద్దులను మరల మరల తిరుగవేయుచున్నారు. 1380 కోట్ల సంవత్సరముల లెక్కకు ఆ మాత్రపు ఓపిక న్యాయమే.