చీలమండవద్ద తీసిన కాలు – మరల నడక
(బాసరలో సంఘ సభ్యుల కూడికయందు చేసిన ప్రసంగము)



మాకిచ్చిన అంశము వైద్యునికి తగినది, పాదిరికి కాదు. అయినను ఆసుపత్రి వరండాలో రోగి బంధువులతో కూర్చుండి, "కాలు తీయమందుమా, వద్దందుమా?" అను ప్రశ్నను పలుమార్లు విన్నాము గనుక ధైర్యము చేయుచున్నాము.

ఇక్కడ గోదావరి దాటి నిజామాబాదు మీదుగా పోయినయెడల డిచ్‌పల్లి వచ్చును. స్కాట్లండునుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ పాదిరిగారు అక్కడ కుష్ఠరోగులకై విక్టోరియా ఆసుపత్రిని నెలకొల్పిరి. 1915లో దానికి ధనమిచ్చి ఆదుకొన్నవాడు హిందువైన రాజా నర్సాగౌడు. కుష్ఠు పాదమును నేరుగా తినివేయదు, నరములను చంపును. నొప్పి తెలియని అరికాలిలో ముల్లు దిగినను మనిషి నడచుచునే ఉండును; పుండు ఎముకకు పాకును. నేడు షుగరు వ్యాధియు అదే పని చేయుచున్నది.

మా సంఘములోని ఒక కూలి సహోదరునికి ఇట్లే జరిగెను. ప్రార్థించి పది దినములు చూడుమని మేమే చెప్పితిమి. అది మా తప్పు. ఆసుపత్రికి చేరునప్పటికి పాదము ముందుభాగము నల్లబడెను. మోకాలి క్రింద తీయుటయా, చీలమండవద్ద తీయుటయా అని వైద్యుడు అడిగెను. సహోదరుడు మా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, రాత్రి లేచి బయటికి పోవాల్నంటే కట్టెకాలు కట్టుకోవాల్నా?" అనెను. ఇంతకంటె మంచి ప్రశ్న మేము వినలేదు.

1842లో ఎడింబరోలో జేమ్స్ సైమ్ చేసిన పద్ధతిలో పాదపు ఎముకలన్నియు తీసి, మడమ క్రింది మందపు చర్మమును కాలి ఎముక కొనకు క్రిందుగా కుట్టుదురు. బరువు మోయుటకే కలిగిన చర్మమది. కాలు రెండు అంగుళములకు పైగా పొట్టియైనను, ఇంటిలో నాలుగడుగులు కట్టెకాలు లేకయే వేయవచ్చును. మోకాలి క్రింద తీసినవానికంటె నడకలో ఆయాసము తక్కువ. 1854లో రష్యా వైద్యుడు పిరగోవ్ మడమ ఎముకలో కొంత నిలిపి కాలి ఎముకకు అతికించెను. 1939లో బాయిడ్ ఇంకను ఎక్కువ నిలిపెను. పొట్టితనము తగ్గును, మడమ చర్మము జారదు. అయితే ఎముకలు అతుకవలెను. చీమున్నచోట అది కష్టము.

ఏ పద్ధతికైనను మడమకు రక్తము అందవలెను. లేనియెడల గాయము మానదు, మరల పైకి కోయవలసివచ్చును. లోపలి చీలమండ వెనుక నాడి కొట్టుకొనుట చూచి వైద్యుడు సైమ్ పద్ధతికే ఒప్పుకొనెను.

ఇప్పుడాయన నడచుచున్నాడు. మొండి కొన లావుగా ఉన్నందున తొడుగు చీలమండవద్ద ఉబ్బుగా కనబడును. స్త్రీలు దీనిని ఇష్టపడరట. 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ సేఠీ చేసిన జైపూరు రబ్బరు పాదమును అడిగితిమి గాని, మొండి క్రింద చోటు కొంచెమే గనుక పలుచని పాదమే పట్టును. వరి మడిలోనికి దిగుట మానివేసి మేకలు కాచుచున్నాడు. మడమకు స్పర్శ లేదు గనుక ప్రతి సాయంత్రము భార్య అద్దము పట్టగా మొండి చూచుకొనును.

తొడుగు ఇప్పుడు వదులైనది. వచ్చే నెల క్రొత్తదానికి కొలత ఇయ్యవలెను. బస్సు చార్జీ సంఘము పెట్టుకొనుచున్నది.