చౌడు పొలము – పొరుగువాని గట్టు



ప్రసంగములలో ఉప్పును మెచ్చుకొనే నేను ఈ దినము ఉప్పు చేసే కీడును గూర్చి మాట్లాడవలసి వచ్చినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మన కుటుంబములు పెక్కు పొలమును నమ్ముకొని బ్రదుకుచున్నవి గనుక మీరు నన్ను క్షమింతురు.

1963లో నెహ్రూగారు పోచంపాడు వద్ద పునాదిరాయి వేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. దాని కాకతీయ కాలువ వల్ల జగిత్యాల వైపు మెట్ట చేలలో వరి పండినది. అది గొప్ప మేలు. అయితే నీరు వచ్చే దారి చూచుకొన్నాము గాని, పోయే దారి మరచితిమి. పల్లములో నీరు నిలిచి, ఎండకు ఆవిరియై, ఉప్పు పైన మిగిలినది.

చౌడు ఒక్క రకము కాదు. తెల్లని పొర కట్టేది పాలచౌడు. మడి కట్టి, మంచినీరు నిలిపి, బయటికి తీసివేస్తూ పలుమార్లు కడిగితే అది తగ్గును. తడిస్తే జిగటగా, ఎండితే రాయివలె ఉండేది కారుచౌడు. దానికి జిప్సము కావలెను. జిప్సములోని సున్నపు అంశము మట్టిని పట్టుకొన్న సోడియమును విడిపించును. ఆ తరువాత నీటితో కడుగవలెను. ఎంత వేయవలెనో మట్టి పరీక్షయే చెప్పును; జగిత్యాల పొలాస పరిశోధన స్థానము వారిని అడుగుడి. పిమ్మట ఎకరమునకు 12 నుండి 15 కిలోల జీలుగ చల్లి, పూతకు వచ్చినప్పుడు, అనగా 45, 50 దినములకు, కలియదున్నవలెను. 1969లో ఏర్పడి, హర్యానాలోని కర్నాలులో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ కూడా జిప్సముతో నేలను బాగుచేసి, ముందు వరి, తరువాత గోధుమ వేయుమని చెప్పినది.

ఇక అసలు మాట. నేను కాపరిగా ఉన్న ఒక ఊరిలో ఒక రైతు అప్పు చేసి జిప్సము వేసినాడు. కడిగిన నీరు పోవుటకు క్రింది పొలమువాడు గట్టు తెగనివ్వలేదు. ఉప్పు ఎక్కడిదక్కడే ఉన్నది. అప్పు మాత్రము పెరిగినది. చివరకు కొడుకు దుబాయి పోయినాడు. ఇద్దరూ ఒకే గుడిలో, ఒకే వరుసలో కూర్చునేవారు. మూడేండ్లకు పెద్దలు కూర్చుండబెట్టి మాట్లాడగా, చెరిసగము ఖర్చుతో గట్టు వెంట మురుగుకాలువ తీసినారు. ఆ వానకాలము జీలుగ మోకాలెత్తు లేచినది. అయితే కొడుకు పోయిన ఏండ్లు తిరిగి రాలేదు.

కావున సహోదరులారా, జిప్సము బస్తా కొనక మునుపు పొరుగువాని ఇంటికి వెళ్లుడి. దారి అడిగినవానికి దారి ఇయ్యుడి. చౌడు ఒక్కనితో పోదు.