అమ్మకమునకు వచ్చిన పాత బలశాలి

"1962 షెవర్లే ఇంపాలా, సూపర్ స్పోర్ట్, 409 ఇంజను, చక్కగా కాపాడబడినది, అమ్మబడును." అమెరికా దేశమున పాత మోటారు కార్లు కొనువారు, అమ్మువారు చదువుకొను ప్రకటనలు ఇంచుమించు ఈ తీరుననే ఉండును. పట్టుమని పది మాటలు లేవు. అయినను వీనిలో ప్రతి మాటకు ఒక చరిత్ర ఉన్నది. ప్రతి మాటను పరీక్షింపవలసిన అగత్యమును ఉన్నది. ఈ పూట మనము ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూతము.

ఇంపాలా అనునది ఆఫ్రికా మైదానములలో గెంతులు వేయుచు పరుగెత్తు ఒక జాతి జింక పేరు. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన షెవర్లే శాఖవారు 1958లో తమ పెద్ద కార్లలో మేలైనదానికి ఈ పేరు పెట్టిరి. 1962 నాటి ఇంపాలా పొడవు సుమారు 17½ అడుగులు, వెడల్పు సుమారు 6½ అడుగులు. తల్లి, తండ్రి, పిల్లలు, సామాను అంతయు అందులో సుఖముగా ఇముడును. అది సంసారపక్షపు బండి.

అట్టి సంసారపక్షపు బండికే 1961లో 409 ఘనపు అంగుళముల ఇంజనును తగిలించిరి. మన లెక్కలో అది 6.7 లీటర్లు. సూపర్ స్పోర్ట్ అను అలంకారము కూడ ఆ ఏడే వచ్చినది. తొలి సంవత్సరమున అట్టివి 453 మాత్రమే తయారైనవి. 1962లో రెండు కార్బురేటర్లు అమర్చిన ఇంజను సరిగా 409 అశ్వశక్తి ఇచ్చునని సంస్థవారు ప్రకటించిరి. అనగా ఘనపు అంగుళమునకు ఒక గుర్రము చొప్పున! బీచ్ బాయ్స్ అను గాయక బృందము ఆ ఏడే "409" అను పేరుతో ఒక పాటను రికార్డుగా విడుదల చేసినది. ఇంజను సంఖ్యయే పాటకు పేరగుట అరుదైన గౌరవము.

1964లో పాంటియాక్ జి.టి.ఓ. వచ్చిన పిమ్మట ఈ బలము మధ్యరకపు కార్లకు తరలినది. కండబలము గల అమెరికా కార్లనగానే నేడు జనులకు స్ఫురించునవి అవియే. కాని ఈ పెద్ద కార్లు వానికి అన్నలు. తరువాత 1970 నాటి వాయుశుద్ధి చట్టము, బీమా కంపెనీల అధిక రుసుములు, 1973 నాటి చమురు కొరత కలిసి ఆ వంశమును అణచివేసినవి. గుర్రముల లెక్క కూడ మారినది. పూర్వము ఇంజనును బండినుండి వేరుచేసి, పొగగొట్టము మొదలగు భారములు లేకుండ కొలిచెడివారు. 1972 నుండి అన్నియు తగిలించి కొలువసాగిరి. ఒకే ఇంజనుకు సంఖ్య తగ్గినది. కనుక పాత సంఖ్యలను నేటి సంఖ్యలతో పోల్చుట తగదు.

ఇక పరీక్షకు వత్తము. మన రైతు ఎద్దును కొనునపుడు కొమ్ముల రంగు చూచి మోసపోడు. నోరు తెరిపించి పళ్లు చూచును. ఇచ్చటను అదే పని. 1962లో సూపర్ స్పోర్ట్ అనునది వేరొక బండి కాదు. అదనపు ధరకు లభించిన అలంకార సామగ్రి మాత్రమే. విడివిడి ముందు సీట్లు, ప్రత్యేకమైన చక్రపు మూతలు, పేరు బిళ్లలు అందులోనివి. ఆరు సిలిండర్ల చిన్న ఇంజనుతో కూడ ఆ బండిని కొనవచ్చెడిది. కాబట్టి బిళ్ల ఉన్నంతమాత్రమున బలమున్నట్లు కాదు. బిళ్లలు నేడును అంగట దొరకును.

తలుపు కీళ్ల స్తంభముపై ఒక పలక ఉండును. దానిపై మొదటి అంకె 2 అయినచో 1962. తరువాతి రెండంకెలు 18 అయినచో ఎనిమిది సిలిండర్ల ఇంపాలా. ఆ ఇంజను 283 అంగుళములదా, 327దా, 409దా అన్నది ఆ పలక చెప్పదు. ఆ మాట ఇంజను దిమ్మెపై కొట్టిన ముద్ర చెప్పవలెను. ఏ కర్మాగారము, ఏ నెల, ఏ తేదీ, ఏ రకము అన్నది అందులో ఉండును. దానిని బండి దేహపు పలకపై గల నెల, వారములతో పోల్చవలెను. ఇంజను బండికంటె కొంత ముందుగా పుట్టి యుండవలెను. బండి మార్చిలోను, ఇంజను జూన్‌లోను పుట్టినచో అది పిమ్మట తెచ్చి పెట్టిన ఇంజనని వేరుగ చెప్పనక్కరలేదు. ముద్రలను అరగదీసి క్రొత్తవి కొట్టువారును లేకపోలేదు. అందుచేత పాత రసీదులు, మరమ్మతు చీటీలు బంగారము వలె విలువైనవి.

"చక్కగా కాపాడబడినది" అను మాటకు తుప్పే న్యాయాధికారి. అమెరికా ఉత్తర రాష్ట్రములలో చలికాలమున మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు వెనుక చక్రముల ప్రక్క రేకులను, డిక్కీ అడుగును, చట్రమును తినివేయును. ఆరిజోనా వంటి పొడి ప్రాంతముల బండ్లకు ఈ బాధ తక్కువ. తుప్పు తిన్న చోట లప్పము పూసి రంగు వేసినచో కంటికి కనబడదు. కాని అయస్కాంతమును గుడ్డలో చుట్టి రేకు వెంబడి నడిపించినచో, లప్పము మందముగా ఉన్నచోట అది పట్టదు. పైన పటారము, లోన లొటారము అన్న సామెతకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి లేదు.

మరియొక విషయము ప్రాణములకు సంబంధించినది. ఈ బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ద్రవము పోవు మార్గము ఒక్కటే; ఎచ్చట కారినను నాలుగు బ్రేకులును ఒక్కమారే పోవును. పాత టైర్లు గాడులు అరుగకున్నను వయస్సుచేత ఎండి పగులును. బరువైన ఇనుము కనుక భద్రమైనదని కొందరి భ్రమ. 2009లో అమెరికా బీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారును, 2009 నాటి షెవర్లే మాలిబు కారును గంటకు 40 మైళ్ల వేగమున ఎదురెదురుగా ఢీకొట్టించినది. పాత బండిలోని మనిషి బొమ్మకు కలిగిన దెబ్బలు ప్రాణాంతకములు; క్రొత్తదానిలోని బొమ్మకు కాలి గాయము మాత్రమే. ఇంపాలాలోని చట్రము ఆ బెల్ ఎయిర్ చట్రపు కోవలోనిదే. కావున అట్టి బండిని తీరికగా, జాగ్రత్తగా నడుపవలెనే గాని, దాని పాటను నమ్మి పరుగెత్తించరాదు.

వెలసిన రంగుతో ఉన్న బండిని తళతళలాడునట్లు చేయుట మంచిదా, ఉన్నదున్నట్లు ఉంచుట మంచిదా అను తర్కము ఒకటి ఉన్నది. మా అభిప్రాయములో రెండును మంచివే, చేసినది చేసినట్లు చెప్పినంతవరకు. క్రొత్త రంగు దోషము కాదు. దానిని పాత రంగని చెప్పుట దోషము.

1962లో ఇరువది యేండ్ల వయస్సున ఈ బండిని కొన్నవాడు నేడు ఎనుబది దాటినవాడు. పెక్కుసార్లు అమ్మకమునకు పెట్టువారు ఆయన కుమారులో కుమార్తెలో. ఏ భాగము ఎప్పుడు మార్చినది, ఏ గుద్దుకు ఏ రేకు కొట్టించినది ఆయనకే తెలియును. ఆ మాటలు వ్రాసి ఉంచనిచో, సత్యవంతుడైన వారసుడు కూడ తెలియక అసత్యము పలుకవలసి వచ్చును, కొన్నవాడు నష్టపోవును. కావున అట్టి బండిగల పెద్దలు ఒక పుస్తకము తెచ్చుకొని, ఆ చరిత్రను తేదీలతో వ్రాసి, తాళపు చెవులతోపాటు దానిని కూడ తమ బిడ్డలకు అప్పగించుట మేలు.