మే సూర్యుడు, ఆగస్టు సూర్యుడు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక లెక్కలు దొర్లుతాయి, మన్నించాలి. అయినా జమాఖర్చులు మనకు కొత్తా?

ముందుగా ఒక ప్రశ్న. విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. సూర్యుడు అదే, ఎత్తూ అదే. మరి మేలో ప్రాణాలు తోడేసే ఎండ ఆగస్టులో ఏమవుతోంది?

జవాబు జమలో కొంత, ఖర్చులో ఎక్కువ ఉంది. వాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా ఒక చదరపు మీటరు పలక పెడితే దానిపై సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. పగలు, రాత్రి, భూమధ్యరేఖ, ధ్రువాలు అన్నీ కలిపి సగటు తీస్తే 340. అందులో 30 శాతాన్ని మేఘాలు, మంచు, ఇసుక, గాలి వెనక్కి తిప్పి పంపేస్తాయి. మిగిలిన 240 భూమి ఖాతాలో జమ. (మన దేశంలో ఈ జమను స్వదేశీ పరికరాలతో కొలిపించిన శాస్త్రవేత్త అన్నా మణి గారు. వాతావరణ శాఖ నుంచి 1976లో రిటైరయ్యారు. దేశపు సూర్యరశ్మి లెక్కలతో ఆవిడ పుస్తకం వచ్చింది 1980లో. ఈ సంగతి మన సభలో చెప్పకుండా ఉండలేను.)

ఇక ఖర్చు. నేల, నీరు, గోడలు, మన ఒళ్ళు కూడా, కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో వేడిని వదులుతూనే ఉంటాయి. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వాటిని దారిలో పట్టుకుని కొంత కిందికే పంపుతాయి. టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే దీన్ని ప్రయోగం చేసి చూపాడు. ఈ దుప్పటి లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేది. కనుక దుప్పటిని తిట్టడానికి లేదు. మందం పెరగడమే చిక్కు. పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్ళలో 280 ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. అందువల్ల జమకూ ఖర్చుకూ మధ్య చదరపు మీటరుకు సుమారు ఒక వాటు మిగులు తేలుతోంది. ఆ మిగులులో 90 శాతం సముద్రాల్లోకే పోతోంది.

నీటికి వేడిని దాచే గుణం మరోటి ఉంది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 దాకా కాచడానికి సుమారు 3 లక్షల జౌళ్ళు కావాలి. అదే లీటరు ఆవిరి కావాలంటే 24 లక్షలు! మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఇందుకే. ఆగస్టులో మేఘాలు ఎండను తిప్పికొడతాయి. నేలకు చేరిన ఎండలో చాలా భాగం తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మేలో ఎండిన నేల దగ్గర అలా ఖర్చు పెట్టడానికి నీరేదీ? వచ్చిన వేడంతా మట్టిని, గాలిని కాలుస్తుంది. ఆవిరితో పోయిన వేడి మాయమైపోదు. ఆ ఆవిరి ఎక్కడ మేఘమైతే అక్కడ బయటపడుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆవిరైన నీరు కూడా ఋతుపవనాలతో వచ్చి మన చేలలో కురుస్తుంది. నీటితోపాటు అక్కడి ఎండనూ మోసుకొస్తుందన్నమాట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2015 మేలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క. మన వయసువాళ్ళకు పగటి ఎండ ఒక్కటే శత్రువు కాదు. చలికాలంలో ఆదిలాబాదు వైపు ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది కనుక రాత్రికి వేడి సాఫీగా పైకి పోతుంది. కోస్తాలో వేసవి రాత్రి గాలి నిండా ఆవిరే. నేల వేడి పైకి పోదు, మన చెమటా ఆరదు. పైగా పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి మంచం మీదకి వదులుతుంది. గుండెకు విశ్రాంతి దొరకనిది అప్పుడే.

అందుకని మన శరీరానికీ ఖర్చు దారి తెరిచి ఉంచాలి. వయసు పెరిగితే దాహం వేయడం తగ్గుతుంది, చెమటా తగ్గుతుంది. కాబట్టి దాహం వేసేదాకా ఆగకూడదు. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అది వేడిగాలినే మీదకు తోస్తుంది. ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకోండి. డాబాకు మార్చిలోనే తెల్ల సున్నం వేయించండి, కొంత ఎండను అది అక్కడికక్కడే తిప్పి పంపుతుంది. బి.పి. మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు తగ్గించే రకం. వేసవిలో వాటి మోతాదు గురించి డాక్టరు గారిని అడగండి, సొంతంగా మాత్రం మానేయకండి. గుండెకో, కిడ్నీలకో జబ్బుండి నీళ్ళు కొలిచి తాగమన్నవారు ఎంత తాగాలో కూడా ఆయన్నే అడగాలి.

సందేహాలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం. సెలవు.