బడి మానినవారి మెట్రిక్
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము పండితులము కాము. మెట్రిక్ ప్యాసై, ఖలాసీలుగా చేరి, గుమాస్తాలమైనవాళ్ళము. ఈ ఖుర్దారోడ్డులో డ్యూటీ దిగిన తర్వాత రాత్రి ఏడు గంటలకు సంఘము గదిలో నలుగురము కూర్చుని, బడి మానినవారిని మెట్రిక్ పరీక్షకు తయారుచేస్తున్నాము. ఆ అనుభవము చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు.

ఓపెన్ స్కూలు పరీక్ష వినడానికి సులువుగానే ఉంటుంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలు ఏర్పడినది. 2002లో పేరు మారి ఎన్.ఐ.ఓ.ఎస్. అయినది. 14 ఏండ్లు నిండితే చాలు, పైన హద్దు లేదు. ఒక భాషతో సహా ఐదు సబ్జెక్టులు, ఒక్కొక్కదానిలో నూటికి 33 వస్తే ప్యాసు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష, ఐదేండ్లలో తొమ్మిది అవకాశాలు. ప్యాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు. ఇంతకంటె ఏమి కావాలి అనుకున్నాము. మొదటి ఏడు మా గదినుంచి ఏడుగురు వెళ్ళినారు. ఐదూ దాటివచ్చినవారు ఒక్కరూ లేరు.

సదుపాయాలు ఎన్ని ఉన్నా, పేపరు పదో తరగతి పేపరే. పదేండ్లు పెన్ను పట్టని చేయి మూడు గంటలు రాయదు. మా దగ్గరికి వచ్చే ట్రాక్‌మన్ ఒకాయన మాకంటె పెద్దవారు. నోటితో అడిగితే జవాబు చక్కగా చెప్తారు. కాగితముమీద నాలుగు వరుసలు రాసేసరికి, పగలంతా పార పట్టిన ఆ వేళ్ళు బిగుసుకొనేవి. ఆయనకు పాఠాలు ఆపివేసి, నెల రోజులు రోజూ రెండు పేజీలు చూచివ్రాత రాయించినాము. నలభై ఏండ్ల మనిషికి చూచివ్రాత! ఇంట్లో పిల్లలు నవ్వినారట. ఆయన మాత్రము మానలేదు. సాంఘికశాస్త్రము ప్యాసైనారు.

ఇక ఒక అమ్మాయి సంగతి. ఇక్కడ ఏడో క్లాసు వరకు ఒడియాలో చదివినది. తండ్రికి పలాస బదిలీ అయినది. అక్కడ తెలుగు బళ్ళో ఎనిమిదిలో వేసినారు. ఇంట్లో గడగడ తెలుగు మాట్లాడే పిల్ల, నల్లబల్లమీది తెలుగు చదవలేకపోయినది. ఏడాది తల వంచుకొని కూర్చుని బడి మానివేసినది. ఇటువంటి పిల్లలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారని, ఇక్కడ తలలు ఊపుతున్నవారిని చూస్తే తెలుస్తున్నది.

వాళ్ళు తిరిగి ఇక్కడికి వచ్చినాక ఆమె దరఖాస్తు మేమే నింపినాము. ఓపెన్ స్కూలులో తెలుగూ ఉన్నది, ఒడియా ఉన్నది. మేము భాషాభిమానముతో తెలుగు మీడియము అని రాసినాము. అప్పుడు తల్లి అన్నది గదా: "బాబూ, మా పిల్లకి తెలుగు చదవడం రాదు గదా. మీ సంఘం పరువు కోసం దాన్ని మరోసారి పలాస పంపుతారా?" మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే ఒడియా అని మార్చినాము. తెలుగు అక్షరాలు ఆదివారము వేరుగా నేర్పుతున్నాము.

మరొక తప్పు కూడా చేసినాము. తొందరపడి ఐదు సబ్జెక్టులూ ఒక్కసారే కట్టించినాము. రెండు ప్యాసు, మూడు పోయినవి. ప్యాసైన రెండూ ఎవ్వరికీ పట్టలేదు గాని, పోయిన మూడూ క్వార్టర్ల లైనంతా తెలిసినవి. ఆ అమ్మాయి మూడు వారాలు గది గడప తొక్కలేదు. ఇప్పుడు ఎవరికైనా రెండేసి కట్టిస్తున్నాము.

లెక్కలు తప్పనిసరి కాదు గదా, మార్చుకోమని సలహా ఇచ్చినవారున్నారు. నిజమే. కాని ఆమె కోరేది ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు. దానికి లెక్కలు, సైన్సు ఉన్న మెట్రిక్ కావలెను.

ఈ కష్టము ఈనాటిది కాదు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, ఉప్పు సత్యాగ్రహములో జైలుకు వెళ్ళివచ్చిన తర్వాత, ప్రైవేటుగా చదివి బెనారసు మెట్రిక్ ప్యాసైనారు. ఆపైన లాయరైనారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1937లో మదరాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు తప్పిన స్త్రీలను ఆ బెనారసు మెట్రిక్‌కే తయారుచేయించినారు. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలుగా, అటువంటి స్త్రీలకే సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టించినారు. ఒంటరిగా చదివిన మనిషి కనుకనే, పక్కన కూర్చుని చెప్పేవారు లేని లోటు ఆమెకు తెలిసిందని మేము అనుకుంటాము.

మా గదిలో లెక్కలు చెప్పేవారు ఒక్కరే. ఆయనకు వారము విడిచి వారము నైటు డ్యూటీ. కాలేజీలో చదువుతున్న మన పిల్లలు వారానికి రెండు రాత్రులు వచ్చి కూర్చుంటే చాలు. వారిని పంపమని తల్లిదండ్రులను అడగడానికే ఈ వేదిక ఎక్కినాము.

ఆ అమ్మాయికి ఇక లెక్కలు ఒక్కటే మిగిలినది. మొన్న 29, నిన్న 31. ఈ ఎండాకాలములో మళ్ళీ రాస్తుంది. నేడు పండుగ గనుక క్లాసు లేదు. రేపు రాత్రి ఏడు గంటలకు ఉన్నది.