సెగ వేడి వలన వచ్చే వ్యాధి కాదు
(భిలాయిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బదిలీల గురించి మాట్లాడే ఈ వేదికపై నేడు సుఖవ్యాధిని గురించి మాట్లాడుతున్నాము. కొందరు తల వంచుకొనుట గమనిస్తున్నాము. సభలో అనరాని మాటగా దీనిని దాచినందువలననే మనవారు అనేకులు నష్టపోయారు. కనుక చెప్పక తప్పదు.

గనోరియా వ్యాధిని మన పెద్దలు సెగ అన్నారు. ఆ పేరే మనలను దారి తప్పించింది. ఇది 1959 నుండి కొలిమి మండుతున్న ఊరు. మండువేసవిలో చరోదా మార్షలింగ్ యార్డులో పట్టాల నడుమ పనిచేసే వానికి మూత్రం మండితే, "వేడి చేసింది, సబ్జా నీళ్లు త్రాగు" అనుట సహజం. ఒంటిలో నీరు చాలక మండుట కూడ కద్దు. కాని చీము కారుట వేడి వలన ఎన్నడూ జరగదు.

1879లో ఆల్బర్ట్ నైసర్ అను జర్మన్ వైద్యుడు, అప్పటికి ఇరువది నాలుగేండ్ల యువకుడు, ఆ చీమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, రెండేసి గింజలు ఎదురెదురుగా అతుక్కొన్నట్లుండే బాక్టీరియాను కనుగొన్నాడు. అదే గోనోకాకస్. శరీరం వెలుపల అది ఎక్కువసేపు బ్రతకజాలదు. కావున రన్నింగ్ రూము మరుగుదొడ్డిని నిందించి ప్రయోజనం లేదు. పెద్దలకు ఇది లైంగిక సంపర్కం వలననే సోకుతుంది.

పురుషులలో సాధారణంగా రెండు మొదలు ఏడు రోజులలో మంట, పసుపుపచ్చని చీము కనిపిస్తాయి. స్త్రీలలో చాలమందికి ఏ లక్షణమూ ఉండదు. అసలు ప్రమాదం ఇక్కడనే ఉన్నది. మా ఎరుకలో రన్నింగ్ సిబ్బందిలోని ఒక సోదరుడు నెలన్నర బార్లీ నీళ్లు త్రాగాడు. చీము తగ్గింది, నయమైనదనుకొన్నాడు. ఆ వ్యాధి మందు లేకున్నను పైకి తగ్గినట్లు కనిపించి లోపల నిలిచి ఉండగలదు. కొన్నాళ్లకు భార్య పొత్తికడుపు నొప్పితో ఆసుపత్రిలో చేరింది. గర్భనాళాలు దెబ్బతిన్నవి. పిల్లలు లేరని నిందమోసినది ఆమె. గర్భిణికి ఈ వ్యాధి ఉంటే ప్రసవ సమయంలో శిశువు కండ్లకు సోకి చూపునే హరించవచ్చును.

పెనిసిలిన్ సూది ఒక్కటి చాలునని మన పాత తరంవారు చెప్పుట వారి కాలానికి నిజమే. 1976లో పెనిసిలిన్‌ను నిర్వీర్యం చేసే గోనోకాకస్ బయటపడింది. పిదప టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కూడ చాలచోట్ల పనికిరాకుండ పోయాయి. నేడు ముఖ్యంగా సెఫ్ట్రియాక్సోన్‌పై ఆధారపడుతున్నారు. దానికీ లొంగని రకాలు కొన్ని దేశాలలో కనిపించాయి. మందుల దుకాణంలో అడిగి నాలుగు బిళ్లలు మింగి, బాగుందని మానివేయుట ఈ సూక్ష్మజీవికి మనమే తర్ఫీదు ఇచ్చినట్లు. భార్యాభర్తలిరువురూ ఒకేసారి చికిత్స పొందాలి. లేనిచో ఒకరినుండి ఒకరికి మరల వస్తుంది. హెచ్.ఐ.వి. సోకే అవకాశం కూడ ఈ వ్యాధి వలన పెరుగుతుంది గనుక ఆ పరీక్ష కూడ చేయించుకొనండి.

ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్షా క్లినిక్‌లలో చికిత్స ఉచితం. రోగం పేరు డాక్టరు గది దాటి ఆఫీసు బల్లపైకి రాకూడదన్నది మన యూనియన్ పట్టుదల. ఎక్కడైన వచ్చినట్లు తెలిస్తే మాకు తెలియజేయండి. దానిని ఫిర్యాదుగానే స్వీకరిస్తాము.

సభ ముగిసిన పిమ్మట డాక్టరుగారు వెనుక గదిలో ఉంటారు. స్త్రీల కొరకు లేడీ డాక్టరు ప్రక్క గదిలో ఉంటారు. ఎవరి పేరూ వ్రాసుకొనబడదు.