యోషీయా చించుకున్న వస్త్రం

మనం ఈవేళ తలుచుకుంటున్న అయ్యగారు పరిచర్యలో ఉన్నన్నాళ్లూ యిర్మీయా గ్రంథాన్ని విడవలేదు. అందుకే ఆ ప్రవక్త కళ్లారా చూసిన ఒక సంస్కరణ గురించి మాట్లాడతాను.

యోషీయా ఎనిమిదేళ్లకే యూదాకు రాజయ్యాడు. ఆయన ఏలుబడి పద్దెనిమిదో ఏట, క్రీ.పూ. 622 ప్రాంతంలో, యెరూషలేము మందిరానికి మరమ్మతులు జరుగుతుంటే ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. శాస్త్రి షాఫాను చదివి వినిపించాడు. రాజు బట్టలు చించుకున్నాడు. బయలు బలిపీఠాలు పడగొట్టించాడు, ఉన్నత స్థలాలను పాడుచేయించాడు, హిన్నోము లోయలో పిల్లల్ని మోలెకుకు దహించే తోఫెతును ఇక ఆ పనికి రాకుండా చేశాడు. ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగుదాం. తల్లిదండ్రుల మనసు మారేదాకా రాజు ఆగి ఉంటే ఆ పసివాళ్లకు దిక్కెవరు? కాబట్టి చట్టం వద్దనే మాట నా నోట రాదు. ఎత్తిన చెయ్యి పట్టుకోవడానికి అది ఉండి తీరాలి.

అయినా యూదా పూర్ణహృదయంతో తిరగలేదని, పైపై వేషమేనని యిర్మీయా ఆ రాజు రోజుల్లోనే చెప్పాడు. క్రీ.పూ. 609లో యోషీయా మెగిద్దో దగ్గర చనిపోయాడు. కొన్నేళ్లకే, ఒక చలికాలంలో, ఆయన కొడుకు యెహోయాకీము కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యిర్మీయా చెబుతుంటే బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో కోసి కుంపట్లో వేస్తాడు. మళ్లీ చదువు, మళ్లీ కోత. చుట్టంతా బూడిదైంది. బట్టలు చించుకున్నవాడు అక్కడ ఒక్కడూ లేడు. కాల్చవద్దని బతిమాలిన ముగ్గురిలో ఒకడు గెమర్యా, షాఫాను కొడుకు. దేశమంతటా విగ్రహాలు పగలగొట్టించిన యోషీయాకు సొంత కొడుకు గుండె మాత్రం అందలేదు.

యిర్మీయా అక్కడితో ఆశ వదులుకోలేదు. దేవుడే తన ధర్మవిధిని హృదయాల మీద రాసే కొత్త నిబంధన వస్తుందన్నాడు. సిలువకు ముందు రాత్రి యేసు గిన్నె పట్టుకుని చెప్పిన నిబంధన అదేనని మన విశ్వాసం.

అది మనిషిలో ఎలా పనిచేస్తుందో యెరికోలో జక్కయ్యను చూడండి. తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి తిరిగిస్తే చాలని సంఖ్యాకాండం. దొంగిలించిన గొర్రెను అమ్మినా కోసినా నాలుగింతలు ఇవ్వాలని నిర్గమకాండం. జక్కయ్య సుంకపు గుత్తదారుల పెద్ద, లెక్కలు రానివాడు కాదు. అయినా పెద్ద లెక్కనే తన మీద వేసుకున్నాడు. దాని పైన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. ఆ ధర్మశాస్త్రం ఆయన పుట్టకముందు నుంచీ ఉన్నదే. యేసు ఏ వాక్యమో ఎత్తి నిలదీసినట్టు లూకా రాయలేదు. మేడిచెట్టు కింద ఆగి, పేరుపెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉంటానన్నాడు. జనం సణుగుతున్నా వెళ్లాడు.

మన సంగతికి వస్తాను. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. కానీ మన సంఘాల్లో కూడా పెళ్లి ప్రమాణాలకు ఎంతో ముందే ముందు గదిలో పొలం, బంగారం, కారు తేలిపోతున్నాయి. అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా అంటారు. పెళ్లికొడుకు బాప్తిస్మం పొందినవాడే, బల్లలో పాలు పుచ్చుకునేవాడే. ఇది నన్ను నిద్రపోనివ్వదు.

కాపరులైన మీకు నా విన్నపం ఒక్కటే. పెళ్లి ప్రకటన చదవకముందే వరుడి ఇంటికి వెళ్లండి. చట్టం ఏమంటుందో దాచకుండా చెప్పండి. అక్కడితో లేచి రావద్దు. క్రీస్తు తన కోసం ఏం వదులుకున్నాడో ఆ అబ్బాయి పక్కన కూర్చుని చెప్పండి, అతని అమ్మానాన్నలతో కలిసి మోకరించండి. ఒక్కసారికి లొంగకపోతే మళ్లీ వెళ్లండి. అప్పటికీ ఆ లెక్క వదలకపోతే, ఆ పెళ్లి జరిపించనని చెప్పే ధైర్యం ప్రభువు మీకు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను.